టీకాకు వెళ్లే ముందు క్యాలెండర్ మీద ఒక చుక్క పెట్టుకోండి

2021 ఏప్రిల్ నెలాఖరున, పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు కోవిడ్ టీకా రిజిస్ట్రేషన్ మొదలవబోతుండగా, మా ఇంట్లో ఆడవాళ్లందరి ఫోన్లకూ ఒకే వాట్సాప్ మెసేజ్ వచ్చింది. నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత టీకా వేయించుకోకూడదట. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ వెంటనే చెప్పింది. అయినా మా వదిన భయపడి స్లాట్ వదిలేసుకుంది. మళ్లీ దొరకడానికి నెల పైనే పట్టింది.

నేను మాత్రం వేయించుకున్నాను. రెండో డోసు తర్వాత డేట్ ఐదారు రోజులు ఆలస్యమైంది, వచ్చాక బ్లీడింగ్ కూడా ఎక్కువే అయింది. డాక్టర్‌ దగ్గరికి వెళ్తే "టెన్షన్ వల్లేనమ్మా" అన్నారు. "మామూలుగా ఎన్ని రోజులకు వస్తుంది?" అని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఏ నెలా రాసుకోలేదు కదా! ఇప్పుడు మా అమ్మాయికి పన్నెండేళ్లు, త్వరలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా వేయించబోతున్నాం. నాలాంటి అమ్మల కోసం, టీకా వేయించుకోబోయే ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, తేదీ రాసుకోండి. వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు గుర్తు పెట్టుకుంటాం. అక్కడే, నెలసరి మొదలైన రోజున ఒక చిన్న చుక్క పెట్టండి. బ్లీడింగ్ ఎన్నాళ్లుంది, ఎక్కువగా అయిన రోజున ఎన్ని ప్యాడ్లు మార్చారు, పక్కనే రెండు అంకెలు వేయండి చాలు. టీకాకు ముందు కనీసం రెండు మూడు నెలలు ఇలా చేస్తే మీ లెక్క మీకు తెలుస్తుంది. మొదటి రోజు నుంచి మళ్లీ మొదటి రోజుకు 24 నుంచి 38 రోజుల మధ్య ఎంతున్నా మామూలే. నెలకూ నెలకూ ఓ వారం అటూ ఇటూ అయినా కంగారు పడాల్సింది కాదు. టీకా రోజును వేరే రంగు పెన్నుతో గుర్తు పెట్టండి.

టీకా వల్ల నెలసరి మారుతుందా అంటే, కొందరికి మారుతుంది, కొద్దిగా, కొద్దికాలం. కోవిడ్ టీకాల మీద చాలా దేశాల్లో దాదాపు 20 వేల మంది ఆడవాళ్ల నెలసరి లెక్కలు చూసి 2022లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. డోసు పడ్డ నెలలో చక్రం, అంటే ఒక నెలసరి మొదటి రోజు నుంచి మరో నెలసరి మొదటి రోజు దాకా ఉండే గడువు, సగటున ఒక రోజు లోపే పెరిగింది, తర్వాతి నెలల్లో సర్దుకుంది. ఒకే చక్రంలో రెండు డోసులూ పడ్డవాళ్లకు తేడా ఇంకాస్త ఎక్కువ. అదే ఏడాది అక్టోబరులో యూరప్ మందుల నియంత్రణ సంస్థ, ఫైజర్, మోడెర్నా టీకాల దుష్ప్రభావాల జాబితాలో అధిక రక్తస్రావాన్ని చేర్చమంది. అంటే అప్పట్లో "ఎక్కువైంది" అన్న ఆడవాళ్లు ఊహించుకుని చెప్పలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఏడాదిన్నర ఎందుకు పట్టిందన్నదే నా బాధ. పిల్లలు పుట్టరన్న భయానికి మాత్రం ఆధారం లేదు. అమెరికా, కెనడాల్లో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 2 వేల మందికి పైగా ఆడవాళ్లను గమనిస్తే, టీకా వేయించుకున్నవాళ్లకూ వేయించుకోనివాళ్లకూ అవకాశాల్లో తేడా కనిపించలేదు.

టీకా పడ్డాక ఒంట్లో రోగనిరోధక శక్తి చురుగ్గా పనిచేస్తుంది. నెలసరి హార్మోన్లను నడిపే మెదడు భాగం మీద, గర్భసంచి లోపలి పొర మీద దాని ప్రభావం కొద్దికాలం పడుతుందని నిపుణుల అంచనా. జ్వరమొచ్చిన నెలలో డేట్ తప్పడం మనకు తెలిసిందే కదా.

నెలసరిలో ఉన్నా టీకా వేయించుకోవచ్చు, వాయిదా అక్కర్లేదు. పీరియడ్స్ ఆపే మాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త. వ్రతమనో, పెళ్లనో, తిరుపతి ప్రయాణమనో మెడికల్ షాపులో అడిగి వేసుకుంటూ ఉంటాం. ఆ మాత్రలు ఆపాక డేట్ ఎలాగూ అటూ ఇటూ అవుతుంది. అదే నెలలో టీకా పడితే ఏది దేనివల్లో ఎవరూ చెప్పలేరు. డేట్ దాటిపోయి ఉంటే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. గర్భంతో ఉన్నప్పుడు హెచ్‌పీవీ, రుబెల్లా టీకాలు వేయరు.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. మా అమ్మాయి వయసు ఆడపిల్లలు సూదికి కళ్లు తిరిగి పడిపోవడం మామూలే, కాబట్టి వేసిన తర్వాత పావుగంటైనా కూర్చోబెట్టండి. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్ బ్లీడింగ్‌ను పెంచుతుంది, సొంతంగా వేసుకోవద్దు.

కొన్నింటిని మాత్రం టీకా మీద నెట్టేసి ఊరుకోకండి. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతున్నా, పది రూపాయల బిళ్లంత రక్తపు గడ్డలు పడుతున్నా, బ్లీడింగ్ ఎనిమిది రోజులు దాటినా, నిలబడితే తల తిరుగుతున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఉన్న రక్తమే తక్కువైనప్పుడు ఒక్క నెల ఎక్కువ పోయినా మనిషి నీరసించిపోతుంది. హిమోగ్లోబిన్ ముందే చూపించుకోవడం మంచిది. నెలసరి ఆగిపోయి ఏడాది దాటిన అమ్మలకు, అత్తయ్యలకు ఒక్క చుక్క కనిపించినా పరీక్ష చేయించాల్సిందే.

ఆడపిల్లల సంగతి కొంచెం వేరు. హెచ్‌పీవీ టీకా వేసే 9 నుంచి 14 ఏళ్ల మధ్యే పిల్ల పెద్దమనిషి అవుతుంది. మొదటి రెండు మూడేళ్లు నెలసరి ఎలాగూ కుదురుగా రాదు. జపాన్‌లోని నగోయాలో దాదాపు 30 వేల మంది అమ్మాయిలను అడిగి చూశారు, నెలసరి ఇబ్బందులకు హెచ్‌పీవీ టీకాతో సంబంధం తేలలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా ఇది, వదులుకోకూడదు.

కానీ మన ఖమ్మం జిల్లాలో జరిగింది మరిచిపోకూడదు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు ఈ టీకా వేశారు. వాళ్లలో కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ కమిటీ చెప్పింది. అయితే హాస్టల్ పిల్లల తరఫున అనుమతి పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. బ్లీడింగ్ ఎక్కువైందని, నొప్పి ఎక్కువైందని కొందరు పిల్లలు చెప్పారు. అంతకుముందు ఎలా ఉండేదో ఎవరూ రాసిపెట్టలేదు, ఇక పోల్చి చూసేదెలా? అందుకే సంతకం మీరే పెట్టండి, చదివి పెట్టండి. ఏ టీకా, ఏ బ్యాచ్ అన్నది కార్డు మీద రాయించుకోండి. తేడా కనిపిస్తే ఏఎన్‌ఎంకు చెప్పి నమోదు చేయించండి. మందుల దుష్ప్రభావాలు చెప్పుకోవడానికి 1800 180 3024 అనే ఉచిత నంబరు కూడా ఉంది.

హెచ్‌పీవీ టీకా రెండు డోసులుగా వేస్తే, రెండోది ఆరు నెలల తర్వాత ఉంటుంది. నెల తిరగ్గానే క్యాలెండర్ కాగితం చింపి అలమరాలో పరిచేయకుండా, అప్పటిదాకా మడిచి టీకా కార్డుతోపాటు దాచిపెట్టండి.