కాలిఫోర్నియాలో ఫెన్సింగ్ కాంట్రాక్టర్ లైసెన్స్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

ఆరేళ్లుగా కంచెలు కడుతున్న మనిషి, వెనక్కొచ్చిన దరఖాస్తు చేతిలో పట్టుకుని దిగాలుగా కూర్చోవడం ఈమధ్యే చూశాను. పని రాక కాదు. అనుభవ పత్రం మీద ఎవరి సంతకం ఉండాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

లైసెన్స్ ఇచ్చేది కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు. మన కేటగిరీ సీ-13. కంచెలు, గేట్లు, రెయిలింగులు, జెండా స్తంభాలు ఇందులోకి వస్తాయి, ఇటుక గోడలు, రాతి గోడలు రావు. 2025 జనవరి 1 నుంచి కూలి, సామాను కలిపి 1,000 డాలర్ల లోపు పనికి లైసెన్స్ అక్కర్లేదు. అదీ పర్మిట్ అవసరం లేకుండా, మనుషుల్ని పెట్టుకోకుండా చేస్తేనే. పెద్ద పనిని ముక్కలు చేసి బిల్లు వేస్తే చెల్లదు. లైసెన్స్ లేకుండా చేసిన పనికి పని చేయించుకున్నవాళ్లు డబ్బు ఎగ్గొడితే కోర్టుకెళ్లి రాబట్టుకోలేరు కూడా.

18 ఏళ్లు నిండాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా ఐటిన్‌తో, అంటే పన్నుల శాఖ ఇచ్చే నంబరుతో, దరఖాస్తు చేయొచ్చు. ఫీజు, వేలిముద్రలు, రెండు పరీక్షలు ఉంటాయి. ఫెన్సింగ్ పరీక్ష గురించి పని తెలిసినవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు. చట్టం, వ్యాపారం మీద ఉండే పరీక్షకి మాత్రం కూర్చుని చదవాలి.

ఇక అసలు చిక్కు అనుభవ పత్రం దగ్గర. గత 10 ఏళ్లలో కనీసం 4 ఏళ్లు జర్నీ లెవెల్లో, అంటే పక్కన ఎవరూ నిలబడి చెప్పకుండా సొంతంగా పని చేసి ఉండాలి. హెల్పర్‌గా స్తంభాలు మోసిన రోజులు లెక్కలోకి రావు. సంతకం చేసేవాళ్లు మీ పనిని కళ్లారా చూసినవాళ్లై ఉండాలి: మేస్త్రీ, యజమాని, తోటి పనివాడు, బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్, ఎవరైనా పర్లేదు. నేను చూసిన పత్రం మీద ఉన్నది ఆఫీసులో చెక్కులు రాసే ఆవిడ సంతకం. ఆవిడ ఒక్కరోజు కూడా సైటుకి రాలేదు.

పని వివరం దగ్గర కూడా 'కంచె పనులు' అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు. అలా కాదు. కొలిచి లైను వేయడం, గుంట తవ్వి స్తంభాన్ని కాంక్రీటులో నిలబెట్టడం, చైన్‌లింక్ లాగి బిగించడం, గేటు తగిలించి సరిచేయడం, ఇలా చేసిన పని చేసినట్టు రాయండి. తేదీలు మీ డబ్ల్యూ-2, 1099 కాగితాలతో, అంటే జీతం, కాంట్రాక్టు ఆదాయం చూపే పన్ను కాగితాలతో, సరిపోవాలి. కొన్ని దరఖాస్తుల్ని, కనీసం 3 శాతం, బోర్డు లోతుగా విచారిస్తుంది. ఆ కాగితాలు అప్పుడు అడుగుతారు, కాబట్టి ఇప్పుడే వెతికి ఒకచోట పెట్టుకోండి.

డబ్బిస్తే అనుభవ సంతకం తెచ్చిపెడతామనేవాళ్లు తగులుతారు. దయచేసి ఒప్పుకోవద్దు. ఆ పత్రం అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ప్రమాణం చేసి పెట్టే సంతకం అది. ఆ ఏజెంటు మాయమైపోతాడు, పత్రం మీద మీ పేరు మిగులుతుంది. నిజంగా పని చేసినవాళ్లకి ఆ అవసరమే లేదు. పాత మేస్త్రీకి ఒక ఫోన్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

పరీక్షలు పాసయ్యాక 25,000 డాలర్ల బాండ్, అంటే ఒక కంపెనీ మీ తరఫున ఇచ్చే పూచీకత్తు, అడుగుతారు. ఆ అంకె చూసి వెనక్కి తగ్గకండి. మొత్తం కట్టనక్కర్లేదు, బాండ్ కంపెనీకి ప్రీమియం మాత్రమే కడతారు. లైసెన్స్ చేతికొచ్చాక ఆ నంబరు ప్రతి ఒప్పందం మీద, ప్రతి ప్రకటన మీద ఉండాలి.