పక్షవాతం తరువాత ఇంట్లో కాలి వ్యాయామం ఎలా చేయించాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచో కూకట్‌పల్లి నుంచో రోజూ ట్రాఫిక్‌లో రోగిని ఫిజియోథెరపీకి తీసుకువెళ్లడం హైదరాబాదులో అందరికీ సాధ్యం కాదు కాబట్టి, థెరపిస్టు నేర్పిన వ్యాయామాలను చేయించే బాధ్యత చాలావరకు ఇంటివారి మీదే పడుతుంది. ప్రేమకొద్దీ చాలామంది రోగిని పడుకోబెట్టి, కాలును తామే ఎత్తి దించుతారు. దానివల్ల కీళ్లు బిగుసుకుపోకుండా కొంత మేలు జరుగుతుంది, కానీ కాలిని నడపడం మళ్లీ నేర్చుకోవలసిన మెదడుకు మాత్రం పని సరిగా అందదు.

కాలిని కదిలించే ఆజ్ఞలు ముఖ్యంగా నడినెత్తికి దిగువన, మెదడు రెండు అర్ధభాగాలు ఎదురెదురుగా ఉండే లోపలి అంచున పుడతాయి. అక్కడ నుంచి బయలుదేరే నాడీతంతువుల్లో అధికభాగం మెదడు కింది కొసన రెండో వైపుకు దాటి వెన్నుపాములోకి దిగుతాయి. ఎడమ మెదడు దెబ్బతింటే కుడికాలు చచ్చుబడేది అందుకే. కాలు కదలగానే కండరాలు, కీళ్ల నుంచి కబురు తిరిగి పైకి వెళుతుంది. అనుకున్న కదలికకూ జరిగిన కదలికకూ ఉన్న తేడాను చిన్నమెదడు పట్టుకుని తరువాతి ప్రయత్నాన్ని సవరిస్తుంది. రోగి స్వయంగా ప్రయత్నించకపోతే, సవరించుకోవడానికి ఆ తేడాయే ఉండదు.

మొదట ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, కాలి మీద ఎంత బరువు మోపవచ్చు అన్నది థెరపిస్టును అడిగి కాగితం మీద రాసుకోండి. రోగి అలసిపోని వేళ చూసుకుని టీవీ ఆపేయండి. నేల మీద తడి, జారే పట్టాలు లేకుండా చూడండి.

మడమ జరిపే వ్యాయామంతో మొదలుపెట్టవచ్చు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద దిండు ఎత్తుపెట్టి, తన కాలు తనకు కనిపించేలా చేయండి. "నాన్నా, మడమ పరుపు మీదే ఉంచి, మోకాలు మడుస్తూ పైకి లాక్కోండి" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి, చేతులు కట్టుకుని కొన్ని క్షణాలు ఆగండి. ఈ ఆగడమే అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం. తొడ మీద అరచెయ్యి ఆనిస్తే, కాలు కదలకపోయినా కండరం సన్నగా బిగుసుకోవడం తెలియవచ్చు; అది తెలిస్తే రోగికి తప్పకుండా చెప్పండి. కాలు ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి మాత్రమే, ఒక చెయ్యి మడమ కింద, మరొకటి మోకాలి వెనుక పెట్టి, మిగిలిన దూరానికి సాయపడండి. మడమ కింద నున్నటి ప్లాస్టిక్ కవరు వేస్తే రాపిడి తగ్గుతుంది. రోగి బలం పుంజుకుంటున్నకొద్దీ మీ సాయం తగ్గాలి.

తరువాత కుర్చీలోంచి లేవడం. పాదాలను మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి జరిపి, ముందుకు వంగి, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి లేవమనండి. బరువంతా మంచి కాలి మీదికే పోతుంటుంది కాబట్టి మీరు బలహీనమైన వైపు నిలబడండి. చచ్చుబడిన చేతిని పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది.

నడక థెరపిస్టు అనుమతించాకే. సమతలంలో అడుగు వెనుక అడుగు వేసే లయకు వెన్నుపాములోని నాడీవలయాలు కొంత తోడ్పడతాయి గానీ, గడప దాటడానికి ఎత్తు అంచనా వేసి పాదం పైకెత్తే పని ఎక్కువగా మెదడుదే. కాబట్టి గడప ముందు ఆగి, దాన్ని చూసి, ఆ తరువాతే కాలెత్తమనండి.

పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మర్దన చేయకుండా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, కొత్తగా బలహీనత కనిపించినా 108కి ఫోన్ చేయండి.

మళ్లీ థెరపిస్టు దగ్గరికి వెళ్లే ముందు, మీ చేతులు కూడా కనిపించేలా పక్కనుంచి ఫోన్లో వీడియో తీసి చూపిస్తే, సాయం ఎక్కడ తగ్గించాలో వారు చెప్పగలుగుతారు.