దివ్యాంగుల ఉపాధి టెండర్లు, 5వ పాఠం: తలసరి రేటు కట్టడం

ఈ పాఠంలో నేరుగా ధర బిడ్‌లోకి, అంటే దివ్యాంగులకు శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో పెట్టే పనికి ఒక్కో అభ్యర్థికి ఎంత అడగాలన్న లెక్కలోకి దిగాల్సింది. కానీ పోయిన పాఠం అభ్యాసంగా మీరు నింపిన అనుభవ పట్టికలు చూశాక ముందు వాటి సంగతి తేల్చక తప్పదు. మొదటి కవర్‌లోని సాంకేతిక బిడ్ (అనుభవం, అర్హతల కాగితాలు) గట్టెక్కితేనే కదా ధర ఉన్న రెండో కవర్ తెరిచేది.

ఎక్కువమంది పాత వర్క్ ఆర్డర్లలోని మొత్తాలను నల్లగా కొట్టేసి స్కాన్ చేశారు. "మొదటి కవర్‌లో ధర కనపడితే బిడ్ పోతుంది" అన్న మాటను అక్షరాలా పట్టుకున్నారన్నమాట. ఆ నియమం ఈ టెండర్‌కు మీరు ఇప్పుడు కోట్ చేసే ధరకు మాత్రమే. గతంలో చేసిన పని విలువ దాచకూడదు. "ఒక్కో పని విలువ 20 లక్షలకు తగ్గకూడదు" అని అర్హత షరతు ఉందనుకోండి, అంకె కొట్టేసిన ఆర్డర్‌తో కమిటీ దాన్ని ఎలా నిర్ధారించుకుంటుంది? పైగా కొట్టివేత ఉన్న కాగితం దిద్దిన కాగితంలా కనిపిస్తుంది. అసలు ధర బయటపడేది వేరే చోట్ల: పని విధానం రాసేటప్పుడు "అభ్యర్థికి సుమారు ఇంత ఖర్చుతో" అన్న వాక్యం, సిబ్బంది పట్టికలో జీతాల వరుస, పాత ప్రతిపాదన కాపీ కొట్టినప్పుడు చివర్లో మిగిలిపోయిన బడ్జెట్ అనుబంధం. అప్‌లోడ్ చేసే ముందు మీరు రాసిన ప్రతి పేజీలో "రూ.", "లక్ష" అన్న మాటలు వెతకండి. స్కాన్ చేసిన పేజీల్లో వెతుకులాట పనిచేయదు, అవి కంటితో చూడాల్సిందే.

రెండో తడబాటు: "ఉద్యోగం పొందినవారు" అన్న గడిలో శిక్షణ పొందినవారి సంఖ్య వేయడం. ఈ రెండూ ఒకటి కావు, సర్టిఫికెట్ పొందినవారి సంఖ్య మళ్లీ మూడోది. ప్రతి పనికీ మూడు అంకెలూ విడివిడిగా రాయండి: చేరినవారు, పాసైనవారు, ఉద్యోగంలో నిలిచినవారు. మూడోది చిన్నదిగా ఉందని సిగ్గుపడనక్కర్లేదు. చేరినవారందరూ ఉద్యోగంలో ఉన్నట్టు రాస్తేనే కమిటీలో ఎవరో ఒకరు రుజువులు అడుగుతారు.

రుజువు అంటే జంట కాగితాలు. వర్క్ ఆర్డర్ పని ఇచ్చారని చెబుతుంది, పూర్తయిందని మాత్రం చెప్పదు. దానికి అదే కార్యాలయం ఇచ్చిన పూర్తి ధ్రువపత్రం తోడవ్వాలి. పని ఇంకా నడుస్తుంటే, ఇప్పటివరకు ఎంత అయిందో సంఖ్యలతో ఆ కార్యాలయం రాసిచ్చిన లేఖ కావాలి. దాన్ని లెక్కలోకి తీసుకుంటారో లేదో ప్రీ బిడ్‌లో (బిడ్ వేసేముందు సందేహాలు అడిగే సమావేశంలో) అడిగి తేల్చుకోండి. ఎంఓయూ (అవగాహన ఒప్పందం), ప్రశంసాపత్రం, కలెక్టర్‌గారితో ఫొటో, పేపర్ కటింగ్... వీటికి మార్కులు లేవు. ఫైలు బరువు పెరగడమే మిగిలేది. కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బుతో చేసిన పని మంచి పనే, కానీ ఆర్‌ఎఫ్‌పీలో (టెండర్ షరతులున్న పత్రంలో) "ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థలకు చేసిన పని" అని ఉంటే అది లెక్కకు రాదు. సిబ్బంది విషయంలో ఒకటే మాట: ప్రత్యేక ఉపాధ్యాయుడు, పునరావాస నిపుణుడు అని రాసిన ప్రతివారి సీవీలోనూ భారత పునరావాస మండలి నమోదు నంబరు ఉండాలి, దాని గడువు తీరిపోయి ఉండకూడదు.

టర్నోవర్ గురించి: సీఏ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (అది అసలుదో కాదో సరిచూసుకునే నంబరు) లేకపోతే దాన్ని జతచేసి లాభం లేదు. సొసైటీలకు "టర్నోవర్" అంటే మొత్తం రాబడా, సేవల ద్వారా వచ్చిన ఆదాయమా అన్నది ఆర్‌ఎఫ్‌పీలో స్పష్టంగా లేకపోతే అదీ ప్రీ బిడ్ ప్రశ్నే. విరాళాలు కలుపుకుని అర్హత ఉందనుకున్నవాళ్లు తెరిచిన రోజున బయటికి పోతారు.

ఇక ధర.

పోర్టల్‌లో నమోదు, డిజిటల్ సంతకం తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. బీఓక్యూ (ధర నింపే పట్టిక) ఎక్సెల్ గురించి మూడే సంగతులు: తెల్ల గడులు తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు, ఫైలు పేరు మార్చొద్దు, సంస్థ పేరు గడి ఖాళీగా వదలొద్దు. కేంద్ర పోర్టల్‌లో ఫైలు మార్చినట్టు తేలితే బిడ్ తిరస్కరిస్తారు. మీ లెక్కలకు వేరే షీటు పెట్టుకుని, చివరి అంకె ఒక్కటే బీఓక్యూలో వేయండి. అన్నీ ఎక్కించాక "ఫ్రీజ్ బిడ్" నొక్కితేనే బిడ్ దాఖలైనట్టు. బిడ్ నంబరు, తేదీ, సమయం ఉన్న సారాంశం వచ్చిందాకా తెర ముందునుంచి లేవకండి. గడువుకు లెక్క సర్వర్ గడియారం, మీ చేతి గడియారం కాదు. నా పద్ధతి ఏమిటంటే ముందురోజు సాయంత్రానికల్లా ఫ్రీజ్ చేయడం. చివరి గంటలో ధర మార్చుకునే తెలివితేటల మీద నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు అసలు ఉచ్చు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మళ్లీ ఇందులోనే పడతారు కాబట్టి కాస్త సాగదీసి చెబుతాను.

మొత్తం ఖర్చును లక్ష్యంతో (శిక్షణ ఇవ్వాల్సినవారి సంఖ్యతో) భాగించి తలసరి రేటు కోట్ చేయడం తప్పు. ఎందుకంటే మీకు డబ్బు వచ్చేది లక్ష్యాన్ని బట్టి కాదు, దశలను బట్టి. నైపుణ్య శిక్షణ పథకాలకు కేంద్రం 2015లో తెచ్చిన కామన్ నార్మ్స్‌లో చెల్లింపు 30:50:20. బ్యాచ్ మొదలైనప్పుడు 30 శాతం, సర్టిఫికెట్ వచ్చాక 50, ఉద్యోగ ఫలితం చూపాక 20. చాలా టెండర్లు ఇదే కొలతనో, దీనికి దగ్గరగా ఉండేదాన్నో వాడతాయి.

120 మంది లక్ష్యం, మొత్తం ఖర్చు 36 లక్షలు అనుకుందాం. భాగిస్తే తలకు 30,000. ఇప్పుడు నిజంగా జరిగేది చూడండి. 120 మంది చేరారు, 108 మంది పాసయ్యారు, 66 మంది మూడు నెలలు ఉద్యోగంలో నిలిచారు. రాబడిని "పూర్తి రేటు ఎంతమందికి వచ్చినట్టు" అన్న కొలతలోకి మారుద్దాం. మొదటి విడత 120లో 30 శాతం, అంటే 36. రెండోది 108లో సగం, 54. మూడోది 66లో 20 శాతం, 13.2. మొత్తం 103.2. అంటే 120 మందికి పని చేసి 103.2 మంది డబ్బు తీసుకుంటారు. 30,000 చొప్పున వచ్చేది 30,96,000. నష్టం 5,04,000. లాభనష్టాలు లేకుండా బయటపడాలంటే 36 లక్షలను 103.2తో భాగించాలి: 34,884.

ఇక్కడితో అయిపోలేదు. మధ్యలో మానేసినవారి మొదటి విడతను రెండో విడతలో కోసేస్తామని కొన్ని టెండర్లలో ఓ చిన్న వాక్యం ఉంటుంది. పాసవని 12 మందీ మానేసినవారే అనుకుంటే, అప్పుడు మొదటి విడత కూడా 108 మందికే: 32.4, 54, 13.2 కలిపితే 99.6. రేటు 36,145కి చేరింది. ఒక్క వాక్యం ఖరీదు తలకు 1,261 రూపాయలు.

"మానేసినవారి ఖర్చు కూడా తగ్గుతుంది కదా" అంటారు. తగ్గదు, లేదా తగ్గేది చిల్లర. బ్యాచ్‌లో ఆరుగురు బధిరుల్లో ముగ్గురు మానేసినా సంజ్ఞా భాషా అనువాదకుడు రోజూ రావాల్సిందే, పూర్తి రోజు వేతనం ఇవ్వాల్సిందే. హాస్టల్ అద్దె, ర్యాంపు, అనువైన మరుగుదొడ్డి, వ్యాన్, శిక్షకుల జీతాలు కూడా అంతే. తగ్గేది భోజనం, పుస్తకాలు, పరీక్ష రుసుము. అంధుల కంప్యూటర్లకు తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలో ఎన్‌వీడీఏ ఉచితం, జాస్‌కు లైసెన్సు కొనాలి. యజమాని దగ్గర ఏది ఉందో కనుక్కోకుండా ఖర్చులో జాస్ వేసేయకండి.

మరి 66 అన్న అంకె ఎక్కడిది? అది ఊహ కాకూడదు. అందుకే అనుభవ పట్టికలో మూడు అంకెలూ విడిగా రాయమన్నది. మీ గత పనుల నిష్పత్తే మీ లెక్కకు పునాది. గత పని లేకపోతే తక్కువే వేసుకోండి. ఉద్యోగంలో చేరి నిలవకపోవడానికి కారణాలు ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు: కంపెనీ ఊరికి దూరం, తోడు వచ్చే మనిషి లేడు, జీతం వస్తే పెన్షన్ తీసేస్తారేమోనని ఇంట్లోవాళ్ల భయం. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల దివ్యాంగుల పెన్షన్ ఉన్న ఇంట్లో ఆ భయం చిన్నది కాదు. ఉద్యోగంలో చేర్చాక మూడు నెలలు వెంట తిరిగే జాబ్ కోచ్ జీతం అందుకే ఖర్చులో ఉండాలి. చాలామంది శిక్షణ ముగిసిన రోజుతో ఖర్చు ఆపేస్తారు.

నిలిచినా డబ్బు రాని సందర్భాలు ఇంకొన్ని. చేరిక లేఖ ఉంది, జీతం చేతికి నగదుగా ఇచ్చారు, బ్యాంకు స్టేట్‌మెంట్ లేదు: లెక్కకు రాదు. అభ్యర్థి దగ్గర సదరం సర్టిఫికెట్ ఉంది, ఆర్‌ఎఫ్‌పీ మాత్రం యూడీఐడీ (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) నంబరు అడిగింది: నంబరు వచ్చేదాకా బిల్లు ఆగుతుంది. తెల్ల రంగు యూడీఐడీ కార్డు అంటే 40 శాతం లోపు వైకల్యం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం బెంచ్‌మార్క్ వైకల్యం (40 శాతం, ఆపైన) ఉన్నవారే అర్హులని షరతు పెట్టిన టెండర్‌లో పసుపు, నీలం కార్డులే చెల్లుతాయి. ఇవన్నీ చేర్చుకునే రోజే చూడాల్సినవి.

"ఇంత ఎక్కువ కోట్ చేస్తే గెలుస్తామా?" మంచి ప్రశ్నే, జవాబు ఎంపిక పద్ధతిలో ఉంది. నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులిచ్చే క్యూసీబీఎస్ పద్ధతిలో అతి తక్కువ ధరకు 100, మిగతావారికి ఆ ధరను వారి ధరతో భాగించి 100తో గుణించగా వచ్చినంత. మీ సాంకేతిక మార్కులు 90, ధర 36,000. పోటీదారుకు 75, ధర 30,000. నాణ్యత 70, ధర 30 పాళ్లలో మీకు 63 + 25 = 88, వారికి 52.5 + 30 = 82.5. గెలుపు మీది. అదే నాణ్యత 30, ధర 70 అయితే మీకు 27 + 58.33 = 85.33, వారికి 22.5 + 70 = 92.5. కేంద్రం 2021 అక్టోబరులో ఇచ్చిన సూచనల ప్రకారం కన్సల్టెన్సీ కాని సేవల్లో నాణ్యత వాటా 30 శాతం దాటకూడదు. కాబట్టి టెండర్ "కన్సల్టెన్సీ" కింద వచ్చిందా, మామూలు సేవల కింద వచ్చిందా అన్నది మొదటి పేజీలోనే చూసుకోండి. రెండోదైతే, మీ నిజమైన రేటుతో గెలవలేమనిపిస్తే ఆ టెండర్ వదిలేయడమే మేలు. రేటు తగ్గించి గెలిచి, మధ్యలో అనువాదకుణ్ణి మాన్పించే సంస్థల వల్ల నష్టపోయేది అభ్యర్థులు. రేటు ప్రభుత్వమే ఖాయం చేసిన పథకాల్లో ధర బిడ్ ఉండదు. అక్కడ ఇదే లెక్క "దిగాలా వద్దా" తేల్చడానికి పనికొస్తుంది.

మిగతావి గబగబా. ఈఎండీ (బిడ్‌తోపాటు కట్టే ధరావతు) కేంద్ర నియమాల ప్రకారం అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈఎండీ మినహాయింపు ఉంది కానీ పర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి (గెలిచాక పని పూర్తి చేస్తామని ఇచ్చే హామీకి) లేదు. సొసైటీ అయినంత మాత్రాన రెండింటికీ లేదు. ఆదాయపు పన్ను శాఖలో ధార్మిక సంస్థగా 12ఏబీ నమోదు ఉంటే జీఎస్టీ ఉండదన్నది అపోహ. నోటిఫికేషన్‌లో పేర్కొన్న ధార్మిక కార్యకలాపాలకే మినహాయింపు, మీ పని అందులోకి వస్తుందో లేదో సీఏతో రాతపూర్వకంగా తీసుకోండి. బీఓక్యూ రేటు జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది రెండుసార్లు చదవండి. పన్ను వర్తించే ఒప్పందం విలువ 2.5 లక్షలు దాటితే ప్రభుత్వ శాఖ బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకుంటుంది. అది ఖర్చు కాదు, కానీ చేతికి రావడం ఆలస్యం. బ్యాంకు గ్యారంటీ కమిషన్, విడతల మధ్య తెచ్చే అప్పు వడ్డీ మాత్రం అసలైన ఖర్చులే, రేటులో పడాలి.

అభ్యాసం. ఈసారి తేలిక కాదు, కాగితం మీదే చేయండి. 90 మంది, మొత్తం ఖర్చు 31,50,000. 80 మంది పాసవుతారు, మిగతా పదిమంది మధ్యలో మానేస్తారు, 45 మంది మూడు నెలలు నిలుస్తారు. మానేసినవారి మొదటి విడత కోత ఉంది.

30:50:20 కింద కనీస రేటు కట్టండి. తర్వాత ప్రీ బిడ్ సవరణతో చెల్లింపు 20:30:50గా మారిందనుకుని మళ్లీ కట్టండి. రెండోదానికి సరిగ్గా 50,400 రావాలి, రాకపోతే కోతను మరిచినట్టే. 50,400 కోట్ చేశాక నిలిచినవారు 45 కాక 36 మందే అయితే నష్టమెంత? చివరగా, ఈ టెండర్‌కు రెండు ప్రీ బిడ్ ప్రశ్నలు రాయండి. పేజీ నంబరు, క్లాజు నంబరు, ఉన్న వాక్యం, మీ ప్రశ్న, మీరు కోరే మార్పు అన్న అయిదు గడుల్లో రాయాలి. "దయచేసి వివరించగలరు" అని ముగిసే ప్రశ్న రాయకండి. దానికి "ఆర్‌ఎఫ్‌పీ ప్రకారమే" అని జవాబిస్తారు.