అలైనర్ ట్రేను పళ్ల మీద సరిగా ఎక్కించడం ఎలా?

క్లిప్పులకు బదులు పారదర్శక అలైనర్లతో, అంటే ఒకదాని తరువాత ఒకటిగా పళ్లకు తొడుక్కునే ప్లాస్టిక్ ట్రేలతో, పళ్ల వరుస సరిచేసుకోవాలనుకునేవారు ముందుగా ఆర్థోడాంటిస్టుకు (పళ్ల వరుస సరిచేసే దంతవైద్యుడికి) చిగుళ్లు, పుచ్చుపళ్లు చూపించుకుని, ఎక్స్‌రే, నోటి స్కాన్ తీయించుకోవాలి. ఇంట్లో సొంతంగా అచ్చు తీసి పంపే పద్ధతి వద్దే వద్దు. పంటి వేరుగానీ, దాని చుట్టూ ఉన్న ఎముకగానీ ఆ అచ్చులో కనిపించవు. ట్రేలు వచ్చాక ఒక గట్టి డబ్బా, మెత్తని బ్రష్షు, రంగులేని సబ్బు, కొరకడానికి చ్యూయీలు (చిన్న మెత్తని చుట్టలు) ఉంటే చాలు. రోజుకు 20 నుంచి 22 గంటలు ట్రే నోట్లోనే ఉండాలి. భోజనానికీ, కాఫీ, టీలకూ తీసి డబ్బాలోనే పెట్టాలి. పెళ్లి భోజనంలో కాగితంలో చుట్టి పక్కన పెట్టిన ట్రే విస్తరితోపాటే పోతుంది.

అసలు జాగ్రత్త ట్రేను ఎక్కించడంలో ఉంది. చేతులు కడుక్కుని, ట్రేను ముందుపళ్ల మీద ఆనించి, వేలికొసలతో నొక్కుతూ రెండువైపులా దవడపళ్ల దాకా రావాలి. పళ్లతో కొరికి బిగిస్తే ప్లాస్టిక్ పగలవచ్చు, ట్రేకు పట్టు దొరకడానికి పళ్లకు అతికించిన చిన్న బుడిపెలు (అటాచ్‌మెంట్లు) ఊడవచ్చు. పూర్తిగా కూర్చున్నాకే చ్యూయీని ఒక్కొక్క పంటి దగ్గర పెట్టి, నెమ్మదిగా కొరికి వదులుతూ ఐదు నిమిషాలు గడపాలి. కొత్త ట్రేను రాత్రి పడుకునే ముందే మొదలుపెట్టాలి. తొలి గంటల నొప్పి నిద్రలో గడిచిపోతుంది.

ఆ తరువాత మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి, పంటికొసకూ ట్రేకూ మధ్య ఖాళీ ఉందేమో చూడాలి. కోరపన్ను పక్కనుండే చిన్న ముందుపన్ను దగ్గరే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు సన్నని ఖాళీ ఉంటే కంగారు పడనక్కరలేదు. కానీ ట్రే మార్చవలసిన రోజుకూ అది పోలేదంటే, ఆ పన్ను ట్రేతోపాటు కదలడం లేదన్నమాట. ఒక్కో ట్రే పంటిని సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుపుతుంది గనుక, అంత చిన్న ఖాళీని కూడా తేలికగా తీసుకోకూడదు. తేదీ వచ్చిందని తరువాతి ట్రేకు వెళ్లిపోతే తేడా పేరుకుపోయి, కొన్నాళ్లకు ఏ ట్రే పట్టక, మళ్లీ స్కాన్ చేయించి కొత్త ట్రేలు చేయించుకోవలసి వస్తుంది. అందువల్ల అదే ట్రేను ఇంకొన్ని రోజులు ఉంచి, చ్యూయీల వాడకం పెంచి, అప్పటికీ ఖాళీ పోకపోతే డాక్టరును అడగాలి. క్యాలెండరు చూసి కాదు, పన్ను చూసి ట్రే మార్చాలి.

తీసేటప్పుడు దవడపళ్ల లోపలివైపు నుంచి వేలితో పట్టి పళ్ల నుంచి విడదీయాలి, ముందునుంచి లాగకూడదు. వేడినీళ్లతో కడిగితే ట్రే ఆకారం చెడుతుంది. పప్పు, పులుసు తిన్నాక నోరు పుక్కిలించకుండా పెట్టుకుంటే పసుపు మరక పట్టి వదలదు. పాత ట్రేను పారేయవద్దు. వాడుతున్నది పోతే, డాక్టరును కలిసేదాకా పళ్లు వెనక్కి జరగకుండా అదే ఆపుతుంది. చివరి ట్రే అయ్యాక, సరైన పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే రిటైనర్లు తప్పనిసరి.