నిమ్మ స్క్వాష్‌లో కేఎంఎస్ ఎప్పుడు కలపాలి?

నకిరేకల్ మార్కెట్‌లో నిమ్మ ధర పడిపోయినప్పుడు ఓ సంచి తెచ్చి స్క్వాష్ చేసుకునేవాళ్లకో మాట. నిల్వకు వేసే పొటాషియం మెటాబైసల్ఫైట్‌ను, అదే కేఎంఎస్‌ను, పాకం వేడిగా ఉండగా కలపకండి. పనిచేసేది అందులోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్. వేడికి అది ఘాటుగా ముక్కుకు తగిలి గాల్లో కలిసిపోతుంది. పూర్తిగా చల్లారాక, లీటరు స్క్వాష్‌కు 0.6 గ్రాముల చొప్పున చెంచాడు నీళ్లలో కరిగించి కలపండి. చిటికెడు, అరచిటికెడు లెక్కలు వద్దు, చిన్న డిజిటల్ కాటా మీద తూయండి. నేరేడు, నల్లద్రాక్ష రసానికైతే సోడియం బెంజోయేట్ మేలు. కేఎంఎస్ రంగు లాగేస్తుంది. గాజు సీసాలను 20 నిమిషాలు నీళ్లలో మరిగించి, బోర్లించి ఆరబెట్టాల్సిందే. తడి సీసాలో పోస్తే మూతి దగ్గర తెల్లగా బూజు పడుతుంది. అన్నట్టు, ఆస్తమా ఉన్నవాళ్లకు కేఎంఎస్ కలిపింది ఇవ్వకండి.