ఉత్తుత్తి సైన్యం నిలబెట్టడం ఎలా: చంద్రగిరి, పాకాల మీదుగా ఒక మ్యాపు ఆట

లేని సైన్యాన్ని ఉన్నట్టు చూపించడం అనగానే అందరికీ గాలి ఊదిన రబ్బరు ట్యాంకులే గుర్తొస్తాయి. ఫొటోలకు అవి బాగుంటాయి కానీ 1944 వేసవి నాటికి బ్రిటన్ మీదికి జర్మన్ నిఘా విమానాలు రావడమే తక్కువ. మిత్రపక్షాలు ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద దిగుతూ, అసలు దెబ్బ కలే తీరం మీదేనని జర్మన్లను నమ్మించింది ముఖ్యంగా గూఢచారుల ఉత్తరాలు, వైర్‌లెస్ సందడి. ఆ రెంటి వెనకా ఎక్కడా పొసగని మాట లేకుండా రాసుకున్న చిట్టా ఒకటుంది. ఈ ఆట నేర్పేది ఆ చిట్టా రాయడమే. తిరుపతి, చిత్తూరు కాలేజీల చరిత్ర విద్యార్థులు, ఎన్‌సీసీ కేడెట్లు ఒక పూటలో ఆడేయొచ్చు.

కావలసినవి

సర్వే ఆఫ్ ఇండియా 57 ఓ షీటు, 1:2,50,000 స్కేలుది, రెండు ప్రతులు. తిరుపతి, చిత్తూరు, పాకాల, శ్రీకాళహస్తి అన్నీ ఇందులోనే వస్తాయి. మ్యాపు మీద సెంటీమీటరు అంటే నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఒకే రంగు కార్డులు 20, రూళ్ల నోట్‌బుక్కులు రెండు, మనుషులు 12 మంది: నీలం జట్టు ఐదుగురు, ఎర్ర జట్టు ఐదుగురు, మధ్యవర్తులు ఇద్దరు. రెండు జట్లనూ వేరే గదుల్లో కూర్చోబెట్టాలి. ఆట 10 'రోజులు', రోజుకు 20 నిమిషాలు.

నీలానికి నిజమైన డివిజన్లు (వేల మంది సైనికులుండే దళాలు) 6. నాలుగు రేణిగుంట, ఏర్పేడు దగ్గర, రెండు చంద్రగిరి దగ్గర. అసలు దాడి 7వ రోజు శ్రీకాళహస్తి మీద. ఎర్ర జట్టుకు శ్రీకాళహస్తిలో 2 డివిజన్లు, చిత్తూరులో రిజర్వుగా 6. తిరుపతి నీలం చేతిలో ఉంది కాబట్టి చిత్తూరు రిజర్వు పుత్తూరు వైపు చుట్టి రావాలి, దానికి మూడు రోజులు లెక్కించండి. 8వ రోజు ముగిసేసరికి కనీసం 4 ఎర్ర డివిజన్లు చిత్తూరు నుంచి కదలకుండా ఉంటే నీలం గెలిచినట్టు.

ముందు ఒక్క వాక్యం

కార్డులు ముట్టుకునే ముందు నీలం జట్టు నోట్‌బుక్కు మొదటి పేజీలో ఒక వాక్యం రాయాలి: శత్రువు ఏం చెయ్యాలి? 'ఏం అనుకోవాలి' అని రాస్తే కొట్టేయించండి. 1941 మొదట్లో బ్రిటిష్ వాళ్లు ఇటాలియన్ల మీద కామిల్లా అనే ఎత్తు వేశారు. బ్రిటిష్ సోమాలిలాండ్ మీద దాడి వస్తోందని, ఇలాంటి ఎత్తులు నడిపే బ్రిటిష్ అధికారి డడ్లీ క్లార్క్ వాళ్లను చక్కగా నమ్మించాడు. వాళ్లు అక్కడ గట్టిగా నిలబడాల్సింది పోయి, ఖాళీ చేసి ఎరిత్రియా వైపు బలగం పంపారు. నిజమైన దాడి జరగబోయేది ఎరిత్రియా మీదే! నమ్మించడం ఫలించింది, పని చెడింది. మన ఆటలో ఆ వాక్యం 'ఎర్ర రిజర్వు చిత్తూరు వదలకూడదు' అనే.

కార్డులు రాయడం

ఇప్పుడు చిత్తూరుకు ఎదురుగా చంద్రగిరి, పాకాల వైపు ఉత్తుత్తి డివిజన్లు 4 సృష్టించండి, మించొద్దు. పాలు ఉంటేనే నీళ్లు కలపగలం. చంద్రగిరి దగ్గరున్న నిజమైన రెండు డివిజన్లనే వీటితో కలిపి ఒక కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) కింద చూపించాలి. 1944లో అమెరికన్ జనరల్ ప్యాటన్ నాయకత్వంలో ఉన్నట్టు చూపిన మొదటి అమెరికన్ ఆర్మీ గ్రూపు ఇలాగే నిలబడింది. అందులో అమెరికన్ మూడో ఆర్మీ, కెనడా మొదటి ఆర్మీ నిజమైనవే. నిజమైన వాటిని శత్రువు సరిచూసుకుంటాడు, పక్కనున్న వాటిని ఆ ధీమాతోనే నమ్ముతాడు.

నిజమైనవి, ఉత్తుత్తివి కలిపి 10 కార్డుల మీదా ఒకేలా రాయాలి: డివిజన్ నంబరు, మకాం ఊరు, పై కోర్, కింది మూడు బ్రిగేడ్లు, భుజం మీది గుర్తు, ఇంతకు ముందు ఎక్కడుంది. చివరి గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఏ డివిజనూ ఆకాశం నుంచి ఊడిపడదు కదా, పాత చిరునామా లేకపోతే దొరికిపోయేది అక్కడే. నంబర్లు వరసగా ఇవ్వకండి. అమెరికన్లు తమ ఉత్తుత్తి పదాతి డివిజన్లకు 14, 22, 46, 48, 55, 59 అని నిజమైన నంబర్ల మధ్య ఖాళీల్లో ఇరికించారు.

పేరొకసారి నాటుకుంటే దానికి ప్రాణం వస్తుంది. 1941లో క్లార్క్ కాగితం మీద పుట్టించిన 'ఎస్ఏఎస్ బ్రిగేడ్' పేరునే ఆ ఏడాది డేవిడ్ స్టిర్లింగ్ అనే బ్రిటిష్ అధికారి నడిపిన నిజమైన మెరుపు దాడుల దళానికి పెట్టారు.

రోజువారీ సమాచారం

నీలం జట్టు రోజుకు 8 వైర్‌లెస్ చీటీలు, 3 'కళ్లారా చూసిన' చీటీలు, 2 గూఢచారి ఉత్తరాలు మధ్యవర్తులకు ఇస్తుంది, వాళ్లు ఎర్ర జట్టుకు అందిస్తారు. కనీసం సగం నిజమై ఉండాలి.

వైర్‌లెస్ చీటీలో విషయం రాయకూడదు. ఎవరు ఎవరిని ఎన్నిసార్లు పిలిచారన్నదే రాయాలి. డివిజన్ మకాం తన మూడు బ్రిగేడ్లతోనూ, పైనున్న కోర్‌తోనూ మాట్లాడుతుంది, ఈ అల్లిక తప్పకూడదు. అప్పుడప్పుడూ ఒక్క సంకేతం జారనివ్వండి. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో మకాంగా నడిచిన ఉత్తుత్తి నాలుగో ఆర్మీ మంచులో నడిచే పరికరాలు, చలికి ఇంజన్లు ఎలా పనిచేస్తాయి లాంటివి అడిగేది. నార్వే మీద దాడి అన్న మాట వాళ్లు చెప్పనక్కర్లేకపోయింది.

చూసిన చీటీల్లో ఊరు తెలిసి రాయాలి. మే నుంచి జూలై దాకా దామలచెరువు రోడ్డంతా మామిడి లారీలే. 'లారీలు ఎక్కువగా కనిపించాయి' అని ఆ కాలానికి రాస్తే ఎర్ర జట్టు నవ్వి పక్కన పడేస్తుంది. పాకాల జంక్షన్ యార్డులో ఆగిన రైలు బళ్లు, వాటి మీద కప్పిన టార్పాలిన్లు, దగ్గరికెళ్తే తరిమిన కాపలావాడు అని రాస్తే అది సాక్ష్యం.

గూఢచారి ఉత్తరాల్లో ముక్కలే ఉండాలి. జర్మన్ల గూఢచారిగా నటిస్తూ బ్రిటన్‌కు పనిచేసిన హువాన్ పుజోల్ (మారుపేరు గార్బో), 27 మంది లేని సహాయకులను కల్పించి వాళ్ల పేరుతో నెలల తరబడి ముక్కలే పంపాడు. దాడి మొదలైన మూడు రోజులకు, 1944 జూన్ 9న, నార్మండీ దాడి దృష్టి మళ్లించడానికేనని తేల్చి చెప్పాడు. అప్పటికి ఆ మాటకు ఆధారాలు జర్మన్ల దగ్గరే పోగయ్యాయి. మీ జట్టు కూడా 7వ రోజు దాకా 'చిత్తూరు మీద దాడి' అని ఎక్కడా రాయకూడదు.

ఎక్కడ చెడుతుంది

ఎక్కువగా చెడేది చిట్టా దగ్గర. ఒకే డివిజన్ సోమవారం చంద్రగిరిలో, అదే పొద్దున రేణిగుంటలో తేలుతుంది. అందుకే నోట్‌బుక్కులో ప్రతి చీటీకీ నాలుగు గడులు: రోజు, డివిజన్, ఎవరి నోటి ద్వారా, ఏం చెప్పాం. చిట్టా ఒక్కరే రాయాలి, వాళ్ల సంతకం లేకుండా చీటీ గది దాటకూడదు. మధ్యప్రాచ్యంలో 1942 నుంచి క్యాస్కేడ్ పేరుతో ఉత్తుత్తి దళాల జాబితాను శాశ్వతంగా నడిపింది ఇందుకే.

రెండోది అతి శుభ్రత. నిజమైన సైన్యంలో బళ్లు చెడతాయి, ఉత్తరాలు దారి తప్పుతాయి, ఇద్దరు తాగి కొట్టుకుంటారు. ఉత్తుత్తి డివిజన్‌కు కూడా ఒకటో రెండో చికాకులు రాయండి.

మూడోది దాడి తర్వాత. చంద్రగిరిలోని నిజమైన డివిజన్లు 8వ రోజు శ్రీకాళహస్తిలో కనబడితే కోర్ గుట్టు బయటపడుతుంది. 1944లో ఇదే చిక్కు వచ్చింది. ప్యాటన్ మూడో ఆర్మీ ఆగస్టు 1న ఫ్రాన్స్‌లో రంగంలోకి దిగాలి. దాని చోట ఉత్తుత్తి పద్నాలుగో ఆర్మీని తెచ్చి పెట్టారు, గ్రూపుకు ప్యాటన్ బదులు నిజమైన జనరల్ మెక్‌నెయిర్‌ను నాయకుడిగా చూపారు. ఆయన జూలై 25న సొంత విమానాల బాంబులకే చనిపోతే మళ్లీ ఇంకో జనరల్‌ను వెతికారు. కాబట్టి మీరు 5వ రోజే 'అరువు ఇచ్చాం, బదులు ఫలానా డివిజన్ వస్తోంది' అనే సాకు చిట్టాలో సిద్ధం చేసుకోండి.

ఎర్ర జట్టు రోజూ చివర్లో ఒక కాగితం ఇవ్వాలి: నీలం డివిజన్లు ఎన్ని, ఎక్కడ, ఏ చీటీ చూసి. ఆట ముగిశాక ఆ పది కాగితాలూ నీలం చిట్టా పక్కన పెట్టి వరసగా చదవండి, దీనికి గంట పడుతుంది. తర్వాత జట్లు మార్చి, ఈసారి అసలు దాడి చిత్తూరు మీదే పెట్టి ఆడించండి. మొదటి ఆటలో మోసపోయిన జట్టు పాకాల చీటీలు వేటినీ నమ్మదు. అదే పాకాల నుంచి నిజమైన డివిజన్లను ఎలా దాచకుండా దాచాలో కొత్త నీలం జట్టు తేల్చుకోవాలి.