లేసిక్ మొదటి పరీక్షకు బయల్దేరే ముందు

రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి లేసిక్‌తో (లేజర్‌తో కార్నియాను సరిచేసే ఆపరేషన్) కళ్లద్దాలు వదిలించుకుందామని విశాఖ వెళ్లేవాళ్లు రైలు టికెట్ కన్నా ముందు కాంటాక్ట్ లెన్సుల సంగతి చూసుకోవాలి. మెత్తటివైతే కనీసం 2 వారాలు, గట్టివైతే 3, 4 వారాల ముందే మానేసి అద్దాలే పెట్టుకోవాలి. లెన్సు వల్ల కార్నియా (నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర) ఆకారం కాస్త మారుతుంది, కొలతలు తప్పొస్తాయి.

పాత కళ్లద్దాల చీటీలన్నీ పట్టుకెళ్లండి. ఏడాదిగా పవర్ మారలేదని వాటిని బట్టే తెలుస్తుంది. వయసు 18 నిండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే దాచొద్దు. ఆ రోజు కాటుక వద్దు.

అక్కడ కార్నియా మందం కొలుస్తారు, ఆకారాన్ని రంగుల మ్యాపుగా తీస్తారు. కన్నీళ్లు ఎంత ఊరుతున్నాయో చూడటానికి కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క 5 నిమిషాలు ఉంచుతారు. కాస్త గుచ్చుకుంటుంది, అంతే, టెన్షన్ అక్కర్లేదు. తర్వాత కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. కొన్ని గంటలు ఎండ భరించలేరు, ఫోన్‌లో కోచ్ నంబరు కూడా చదవలేరు. నల్లద్దాలు, తోడుగా ఒక మనిషి ఉండాల్సిందే. స్టేషన్‌లో బండి పెట్టి వెళ్లి, తిరిగొచ్చాక నడుపుకుంటూ ఇంటికెళ్దామనుకోకండి.

కార్నియా పల్చగా ఉందనో, కెరటోకోనస్ (కార్నియా పల్చబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బు) అనో డాక్టరు వద్దంటే బతిమాలకండి. నన్నడిగితే, అలా చెప్పే డాక్టరే నమ్మదగ్గవాడు. నలభై దాటాక చదవడానికి అద్దాలు రావచ్చు, అదీ అడగండి. చెప్పిన ధర ఒక కంటికా రెండింటికా, తర్వాతి మందులు, చెకప్‌లు అందులోనేనా అన్నది కాగితం మీద రాయించుకోండి.